గుమ్మడివలస బడిగంట మీద ఫిర్యాదు

గుమ్మడివలస ఉన్నత పాఠశాలలో అటెండరు తవిటినాయుడు ఇరవై ఆరేళ్ళుగా గంట కొడుతున్నాడు. గంటంటే నిజానికి గంట కాదు. ఎప్పుడో లైను మార్చినప్పుడు రైల్వే వాళ్ళు వదిలేసి పోయిన మూరెడు పట్టా ముక్క. దాన్ని వరండా దూలానికి గొలుసుతో వేలాడదీశారు. ఇనపకడ్డీతో కొడితే ఆ మోత పొలాలు దాటి గెడ్డవాగు అవతలికి వినిపించేది. బడి పిల్లలకే కాదు, ఊరికంతటికీ అదే లెక్క. అన్నం గంటకి పొలంలో ఆడవాళ్ళు గట్టెక్కి క్యారేజీలు విప్పేవారు, ఇంటి గంటకి నడుములెత్తి ఇంటిదారి పట్టేవారు. హెచ్చెమ్ గదిలో గోడ గడియారం చూసి కొట్టే ఆ గంట ఒక్కనాడూ నిమిషం అటూ ఇటూ కాలేదు. తవిటినాయుడికి జీవితంలో ఉన్న గర్వమల్లా అదొక్కటే.

అలా ఎవరి మానాన వాళ్ళు బతుకుతున్న ఊరికి జూన్ నెలలో ప్రగతి వచ్చింది.

పల్లెటూరి బళ్ళలో చదువు ఎందుకు వెనకబడిందని పైవాళ్ళు చాలాకాలం తలలు పట్టుకుని ఆలోచించారు. గుమ్మడివలస బడిలో లెక్కల మేష్టారి పోస్టు రెండేళ్ళుగా ఖాళీ. ఆ సంగతి కాగితాల మీద ఉంది గాని, కారణం అది కాదని తేలింది. గంటను మనిషి చేత్తో కొట్టడమే అసలు కారణమట. వెంటనే సమయపాలన విభాగం అని కొత్త విభాగం ఒకటి తెరిచి, బడికొక యంత్రం పంపారు. పచ్చరంగు డబ్బా, పైన లౌడ్‌స్పీకరు, కింద అద్దం వెనక మినుకుమనే దీపం. పేరు సమయమిత్ర. దానికి టైము పట్నంలో ఉన్న కంపెనీ నుంచే వస్తుంది. ఎవరూ ముట్టుకోకూడదు, విప్పితే నేరం.

డబ్బా తెచ్చిన వ్యానులోనే పాత పట్టా ముక్కను తీసుకుపోయారు. 'కాలం చెల్లిన కాలసూచక సామగ్రి, సంఖ్య ఒకటి' అని రసీదు రాసిచ్చారు. తవిటినాయుడు ఆ రసీదును జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళి అన్నం తినకుండా పడుకున్నాడు. భార్య ముత్యాలమ్మ అడిగితే జ్వరమన్నాడు.

సమయమిత్ర దీపావళి దాకా బుద్ధిగానే మోగింది. పండగ మర్నాటి నుంచి దానికేమయిందో డెబ్బై నిమిషాలు ముందుకు పరిగెత్తింది. సాయంత్రం నాలుగింటికి మోగాల్సిన ఇంటి గంట రెండూ యాభైకి మోగింది. సోషల్ మేష్టారు అశోకుడి చేత యుద్ధం మాన్పించేలోపే తరగతి ఖాళీ అయింది. ఇంత మంచి యంత్రం దేశంలో ఇంకొకటి లేదని పిల్లలంతా ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డారు. పొలాల్లో కోతలు కోస్తున్న ఆడవాళ్ళు కొడవళ్ళు చంకన పెట్టుకుని ఇళ్ళకెళ్ళిపోయారు. మర్నాడు రైతులు పదిమంది బడి మీదికొచ్చారు.

"ఏటి మేడం ఇది? మద్దినేల మూడు కాకండానే కూలోళ్ళు లేసి ఎల్లిపోతన్నారు. ఏటే అంటే గంట కొట్టేసినారు గదా అంతన్నారు. మా పంట మీ గంట కోత్తాదా?" అని ఒకాయన కేకలేశాడు.

హెచ్చెమ్ కమలారత్నం నెమ్మదైన మనిషి, పై ఆఫీసు పేరు చెబితే ఇంకా నెమ్మదిస్తుంది. ఆవిడ డబ్బా మీద అచ్చేసిన సహాయ కేంద్రం నంబరు తవిటినాయుడికి చూపించింది. "నీకు గంట కొట్టే పని పోయింది కదా తవిటినాయుడూ. ఇకనుంచి ఈ నంబరుకి ఫోన్ చెయ్యడం నీ డ్యూటీ. ఆర్డరు కూడా రాసిచ్చేస్తాను, రేపెవరైనా అడిగితే ఇబ్బంది లేకుండా" అంది.

తవిటినాయుడు వరండా మెట్టు మీద కూర్చుని ఫోన్ చేశాడు. కాసేపు వీణ వాయించి ఒక గొంతు పలికింది. "నమస్కారం. సమయమిత్ర కుటుంబంలోకి స్వాగతం. మీ గంట మోగకపోతే ఒకటి నొక్కండి. మీ గంట మోగుతుంటే మీకు మా అభినందనలు."

ఫోన్ కట్టయిపోయింది. అతను మళ్ళీ చేశాడు, మళ్ళీ అభినందించారు. నాలుగోసారి, అబద్ధమాడుతున్నందుకు మనసులో దండం పెట్టుకుని ఒకటి నొక్కాడు. ముప్పావుగంట వీణ విన్నాక లావణ్య అనే అమ్మాయి మాట్లాడింది.

"చెప్పండి సార్, మీ గంట మోగడం లేదా?"

"మోగుతున్నాదమ్మా."

"చాలా సంతోషం సార్. మీ సమస్య పరిష్కరించబడింది."

"అయ్యో, ఉండమ్మా! మోగుతున్నాది గానీ టైముకి మోగడం నేదు."

"రోజుకి ఎన్నిసార్లు మోగుతోంది సార్?"

"పదిసార్లు."

"మోగాల్సింది కూడా పదేనండి. లెక్క సరిపోయింది కదా సార్."

"పదీ డెబ్బై నిమిషాలు ముందుగా మోగుతున్నాయమ్మా!"

"మాది మోత విభాగం సార్. సమయం వేరే విభాగం."

"పోనీ ఆ ఇబాగానికి కలపమ్మా."

"ఆ విభాగం ఇంకా తెరవలేదు సార్. తెరిచేవరకు మీ ఫిర్యాదును తెరిచి ఉంచుతాను. ఫిర్యాదు తెరిచి ఉన్నంతకాలం పరికరాన్ని ఆపకూడదు, కదిలించకూడదు. మా నిపుణుడు ఇరవై నాలుగు గంటల్లో వస్తారు."

నిపుణుడు ముప్పై ఎనిమిదో రోజున వచ్చాడు. పేరు దిలీపు, మెడలో కార్డు, భుజాన సంచి. గేటు దగ్గరే ఫోన్ తీసి, తనకు ఇరవై నిమిషాలే కేటాయించారని, అందులో రెండు అప్పుడే అయిపోయాయని చెప్పాడు. డబ్బా వెనక మీట నొక్కాడు. డబ్బా బడి అదిరిపోయేలా మోగింది. పిల్లలు పుస్తకాలు సర్దుకుని ఇళ్ళకెళ్ళిపోయారు.

"మోగింది కదండీ" అన్నాడు దిలీపు.

"బాబూ, మోగడానికేటి, నక్షనంగా మోగుతాది. గోడ మీద గడియారం సూడు, దీని టైము సూడు" అని తవిటినాయుడు అతని చెయ్యి పట్టుకుని హెచ్చెమ్ గదిలోకి లాక్కెళ్ళాడు.

దిలీపు రెండూ చూశాడు. అతనికీ తేడా కనిపించింది. పాపం మంచివాడే. "నా ఫారంలో రెండే గళ్ళున్నాయండి. మోగింది, మోగలేదు. మోగలేదని రాయమంటే రాస్తాను గానీ, అందరూ విన్నారు కదండీ" అని బాధపడ్డాడు. తర్వాత డబ్బా పక్కన హెచ్చెమ్‌ను నిలబెట్టి ఫొటో తీశాడు. ఆవిడ నవ్వితేగాని ఫొటో ఎక్కలేదు. తృప్తి చెందిన వినియోగదారు నవ్వి ఉండాలని అందులో షరతట.

తవిటినాయుడు ఫోన్ చెయ్యడం మానలేదు. అతని అదృష్టమో ఆ అమ్మాయి దురదృష్టమో గాని ఈ జిల్లా ఫోన్లన్నీ లావణ్యకే వెళ్ళేవి. ఫిర్యాదులు నలభై దాటాక సమయపాలన విభాగం ఉపసంచాలకులు చక్రధరరావుగారు స్వయంగా కారేసుకుని వచ్చారు. గోడ గడియారం చూశారు, డబ్బా చూశారు, కొబ్బరినీళ్ళు తాగారు. ఆ తర్వాత సిబ్బందినందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు.

"ఈ సమస్యను మనం సమగ్ర దృక్పథంతో పరిశీలించవలసి ఉన్నది. పాఠశాలకును, గంటకును నడుమ డెబ్బై నిమిషముల వ్యత్యాసము గలదు. ఈ రెంటిలో ప్రామాణికత ధ్రువపత్రము దేనికి ఉన్నది? గంటకు ఉన్నది. మీ పాఠశాలకు ఉన్నదా?"

"లేదండి" అంది హెచ్చెమ్.

"కావున వ్యత్యాసము పాఠశాలదే. గంట సక్రమముగా ఉన్నది. మీరు వెనుకబడి యున్నారు."

తవిటినాయుడు ఆగలేక గుమ్మం దగ్గర్నుంచి అన్నాడు. "బాబూ, పొద్దు కూడా మా గడియారం నెక్కనే నడుత్తున్నాది గదా!"

"సూర్యుడు ఈ విభాగము పరిధిలోనికి రాడు" అన్నారు చక్రధరరావుగారు.

వారంలో ఉత్తర్వు వచ్చింది. గోడ గడియారాన్ని డెబ్బై నిమిషాలు ముందుకు తిప్పి బడిని గంటకు అనుగుణంగా నడపాలి. పుష్యమాసపు మంచులో పిల్లలు ముక్కులు ఎగబీల్చుకుంటూ ఎనిమిదింటికే వచ్చి కూర్చున్నారు. మధ్యాహ్న భోజనం వండే సూరమ్మ కోడి కన్నా ముందు లేచి తిట్టడం మొదలుపెట్టి అన్నం వార్చేదాకా తిట్టేది. మేష్టర్లెక్కే బస్సుకు మాత్రం ఉత్తర్వు అందలేదు. అది ఎప్పటి టైముకే వచ్చేది, మొదటి పీరియడు ఎప్పుడూ మేష్టర్లు లేకుండానే అయిపోయేది. ఆ నెలలోనే వ్యత్యాసం సున్నాకు తెచ్చిన తొలి పాఠశాలగా గుమ్మడివలసకు ప్రశంసాపత్రం వచ్చింది. దానికి ఫ్రేము కట్టించి డబ్బా పక్కనే తగిలించారు.

ఇక్కడిదాకా తవిటినాయుడికి ఒళ్ళు మండింది గాని గుండె మండలేదు. ఫిబ్రవరిలో అదీ మండింది.

అతని కూతురు హైమావతి ఆ బడిలోనే పదో తరగతి. లెక్కల మేష్టారు లేకపోయినా గైడు ముందేసుకుని ఒక్కో లెక్కా వచ్చేదాకా పదిసార్లు చేసి నేర్చుకుంది. చురుకైన పిల్ల అనలేం గాని పట్టు వదలని పిల్ల. నెమ్మదిగా చేస్తుంది, చేసింది రెండోసారి సరిచూస్తుంది, తప్పు పోదు. పదో తరగతి మార్కుల మీద ట్రిపుల్ ఐటీలో సీటిస్తారని, వస్తే ఆరేళ్ళు అక్కడే ఉంచి చదివిస్తారని విన్నప్పటి నుంచి ఇంట్లో మరో మాట లేదు.

పరీక్షల ఉత్తర్వు ఇలా వచ్చింది. 'పరీక్షా కేంద్రములందు సమయమిత్ర మోతయే ప్రామాణికము. ముగింపు మోత వినిన తక్షణము జవాబు పత్రములను స్వాధీనపరచుకొనవలెను.' బాగానే ఉంది. కాని ప్రశ్నపత్రాలు పోలీసు స్టేషను నుంచి రావాలి. పోలీసు స్టేషను సమయపాలన విభాగం కింద లేదు, లోకం టైము ప్రకారం నడుస్తుంది. అంటే పిల్లలు పరీక్ష మొదలుపెట్టేది అసలు తొమ్మిదిన్నరకి. పన్నెండూ ముప్పావుకి మోగాల్సిన ముగింపు గంట మోగేది పదకొండూ ముప్పై అయిదుకి. మూడుంపావు గంటల పరీక్ష రెండు గంటల అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ప్రీఫైనల్స్‌లో అలాగే అయింది. లెక్కల పేపరులో హైమ ముప్పై మార్కులు వదిలేసి వచ్చింది.

ఆ సాయంత్రం పిల్ల ఏడవలేదు. పలకమీద రాసినట్టు అడిగింది. "నాన్నా, లెక్క నాకు రాకపోతే రానేదని ఏడుత్తాను. వచ్చిన లెక్క రాయనీకపోతే ఎవరి మీద ఏడవాలి?"

ఇరవై ఆరేళ్ళు ఊళ్ళో పిల్లలందరికీ టైము చెప్పినవాడు తన పిల్లకు డెబ్బై నిమిషాలు ఇవ్వలేకపోయాడు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. వీణ అయ్యాక లావణ్య పలికింది.

"నమస్కారం తవిటినాయుడుగారూ. మీ గంట మోగుతోందా సార్?"

"మోగుతున్నాది తల్లీ. నా కూతురి బతుకు మోగించేత్తన్నాది." అని సంగతంతా చెప్పాడు. "ఏదైనా దారుంటే సెప్పమ్మా."

"మీరు అడిగినదానికే నేను జవాబు చెప్పాలండి. అడగనిది చెబితే ఉద్యోగం పోతుంది."

"అయితే ఏటడగాలో సెప్పు, అడుగుతాను."

"అది చెప్పకూడదండి."

"టైము మార్చడానికి మీ పెద్దోళ్ళకి కలుపుతావా?"

"లేదండి."

"కొత్త డబ్బా ఇత్తారా?"

"పాతది మోగుతోంది కదండీ. ఇవ్వరు." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "మా తమ్ముడు కూడా ఈసారి పదో తరగతేనండి. ఇంకేదైనా అడగండి."

తవిటినాయుడికి ఇంకేమీ తోచలేదు. నెత్తి బాదుకుని, "ఏటడగనమ్మా! మీ డబ్బా బాగయ్యీదాకా నా ఇనప ముక్క నాకు పారీండి. నానే కొట్టుకుంతాను" అన్నాడు.

లావణ్య గబగబా అందుకుంది. "అంటే మూల పరికరం బాగయ్యేవరకు ప్రత్యామ్నాయ పరికరం ఇమ్మని కోరుతున్నారా? బాగా విని చెప్పండి సార్, ఈ ఫోన్ రికార్డవుతోంది."

"అవునమ్మా! అదే, అదే!"

"ఒప్పందం ముప్పై ఒకటో పేజీ ప్రకారం మీకు ఆ హక్కుందండి. ఇంతవరకు రాష్ట్రంలో ఎవరూ అడగలేదు."

ప్రత్యామ్నాయ పరికరం పరీక్షలకు ముందురోజు సాయంత్రం వచ్చింది. తెచ్చినవాడు దిలీపే. సీళ్ళు వేసిన చెక్కపెట్టె విప్పితే లోపల దూది పరుపు మీద మూరెడు పట్టా ముక్క, పక్కన ఇనపకడ్డీ. వెండిరంగు పూసి, 'సమయమిత్ర ప్రత్యామ్నాయం, విద్యుత్తు అవసరం లేదు' అని చీటీ అంటించారు. కాలం చెల్లిందని బళ్ళన్నిటి నుంచి పోగేసిన ఇనుమంతా ఎటు పోయిందో తవిటినాయుడికి అప్పుడు తెలిసింది. రంగు కింద నడిమధ్యన వేలితో తడిమి చూశాడు. ఇరవై ఆరేళ్ళు ఒకే చోట కొట్టగా పడిన సొట్ట అలాగే ఉంది. ముక్కను ఒళ్ళోకి తీసుకుని కండువాతో తుడిచాడు.

"శిక్షణ ఇస్తేగాని వాడకూడదండి" అని దిలీపు నలభై పేజీల పుస్తకం తెరిచాడు. "మొదటి మెట్టు. కడ్డీని కుడిచేత్తో పట్టుకోవాలి. రెండో మెట్టు. పరికరానికి ఎదురుగా నిలబడాలి." మూడో మెట్టులో చేసి చూపించబోయి తన బొటనవేలు మీదే కొట్టుకున్నాడు. తవిటినాయుడు చేతులు కట్టుకుని శిక్షణంతా విని, అర్థమైందని సంతకం పెట్టి, అతని వేలికి తడిగుడ్డ కట్టి పంపించాడు. కమలారత్నం తలుపు దగ్గరగా వేసుకుని గోడ గడియారాన్ని డెబ్బై నిమిషాలు వెనక్కి తిప్పింది. ఆవిడ సర్వీసులో ఆర్డరు లేకుండా చేసిన పని అదొక్కటే.

పరీక్షకు పై ఊరి నుంచి పర్యవేక్షణకొచ్చిన అధికారి పరాంకుశంగారు ఉత్తర్వు తప్ప మరొకటి నమ్మని మనిషి. మొదటిరోజు తెలుగు పేపరు. పదకొండూ ముప్పై అయిదుకి పచ్చడబ్బా గొంతు చించుకుంది. ఆయన కుర్చీలోంచి లేచి "కాగితాలు ఇచ్చెయ్యండి" అన్నాడు. పిల్లల మొహాలు పాలిపోయాయి. తవిటినాయుడు గుమ్మంలో నిలబడి చెక్కపెట్టెతో వచ్చిన కార్డు అందించాడు.

'ప్రత్యామ్నాయ పరికరము అమలునందున్నంత కాలము మూల పరికరము చేయు మోత మోతగా పరిగణింపబడదు.'

పరాంకుశంగారు దాన్ని రెండుసార్లు చదివాడు. "సీలుందా?" అని అడిగాడు. తవిటినాయుడు కార్డు తిప్పి చూపించాడు. సీలుంది. "అయితే ఇప్పుడేమీ మోగలేదు. రాసుకోండి" అని ఆయన కూర్చున్నాడు.

లెక్కల పరీక్ష రోజు తవిటినాయుడు పన్నెండున్నర నుంచే కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కిటికీలోంచి హైమ కనిపిస్తూనే ఉంది. తల ఎత్తకుండా రాస్తోంది. ముప్పావుకి నిమిషం ఉందనగా కూడా రాస్తోంది. ఒక్క నిమిషం ఆగితే అడిగేవాళ్ళెవరు? ఊరంతటి టైమూ ఇప్పుడు తన చేతిలోనే ఉంది. గోడ గడియారంలో పెద్దముల్లు తొమ్మిది మీద పడింది. కళ్ళు మూసుకుని కొట్టాడు. మోత గెడ్డ దాటి వెళ్ళింది.

హైమ అందరికన్నా చివర బయటికొచ్చింది. తండ్రి మొహం చూసి నవ్వేసింది. "ఎందుకలాగున్నావు? అన్నీ ఎప్పుడో అయిపోనాయి నాన్నా. రెండోసారి సరిచూసుకుంతన్నాను."

తవిటినాయుడు "ఎండగా ఉన్నాది, ఇంటికి పద" అని తల పక్కకు తిప్పుకున్నాడు.

పరీక్షలయ్యాక ఒంటిపూట బళ్ళు మొదలైన వారంలో అతని ఫోనుకి కబురొచ్చింది. 'మీ మూల పరికరం రోజుకు పదిసార్లు మోగుతున్నందున మీ ఫిర్యాదు మూసివేయబడింది. ప్రత్యామ్నాయ పరికరాన్ని ఏడు రోజుల్లో తిరిగి అప్పగించవలెను.' తవిటినాయుడు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. నాలుగున్నర నెలలు సమయమిత్ర కుటుంబంలో సభ్యుడిగా ఉన్నందుకు అతనికీ కాస్త తెలివొచ్చింది. మెట్టు మీద కూర్చుని నంబరు నొక్కాడు.

"నమస్కారం తవిటినాయుడుగారూ. చెప్పండి సార్."

"ఫిర్యాదు రాసుకో తల్లీ. మీరిచ్చిన ప్రత్యామ్నాయం మీద. దాన్లో నోపముంది."

"ఏం లోపం సార్?"

"కొడితేనే మోగుతున్నాది."

అవతల లావణ్య దగ్గిందో, నవ్వు ఆపుకుందో తెలియలేదు. "చాలా తీవ్రమైన లోపం సార్. ఫిర్యాదు తెరిచాను. మా నిపుణుడు ఇరవై నాలుగు గంటల్లో వస్తారు. అంతవరకు పరికరాన్ని ఎవరూ కదిలించకూడదు."

తవిటినాయుడికి సర్వీసు ఇంకా ఆరేళ్ళుంది. ఇరవై నాలుగు గంటలంటే ఎంతో అతనికి బాగా తెలుసు. ఫోన్ జేబులో పెట్టుకుని, గోడ గడియారం వైపు చూసి, పన్నెండున్నరకి నిమిషం ఉండగా కడ్డీ తీసుకుని లేచాడు.